అరువిచ్చే ముందు వాళ్ల నగదు చూడు

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. విత్తనాల కంపెనీ నుంచి ప్యాకెట్లు ముద్రించే ఆర్డరు వచ్చిందనీ, 90 రోజుల అరువు అడుగుతున్నారనీ రాశావు. నువ్వు పంపిన బ్యాలెన్స్ షీట్ నిదానంగా చూశాను. "కరెంట్ రేషియో 1.6 ఉంది కదా మామయ్యా, సరిపోతుందా?" అని అడిగావు. ఏడాదిలోపు డబ్బయ్యే ఆస్తులను ఏడాదిలోపు కట్టాల్సిన బాకీలతో భాగిస్తే వచ్చే ఆ ఒక్క అంకెను నమ్ముకుని ఫిల్ముకు, ఇంకుకు డబ్బు పెట్టవద్దు.

1.6 చెడ్డ అంకె కాదు. బ్యాంకులు వ్యాపారాలకు అప్పు ఎలా ఇవ్వాలో చెప్పిన 1975 నాటి టాండన్ కమిటీ తర్వాత బ్యాంకుల్లో 1.33 ఉంటే చాలనుకునేవాళ్లం. కానీ ఆ కొలత బ్యాంకు కోసం పెట్టుకున్నది. వాళ్ల ప్రస్తుత ఆస్తులు 64 కోట్లలో 34 కోట్లు గోదాములో ఉన్న విత్తనం, 18 కోట్లు డీలర్లు ఇవ్వాల్సిన బాకీ. ఈ రెండూ కంపెనీ చేతిలోనే ఉన్నా, అప్పుకు హామీగా బ్యాంకుకు హైపాథికేషన్‌లో ఉన్నాయి. వానలు వెనకబడితే విత్తనం కదలదు, మొలక శాతం తగ్గితే రాసిన ధర రాదు. అప్పుడు కూడా బ్యాంకు తన చెయ్యి దానిమీద వేసుకుని ఉంటుంది. నీకు తాకట్టు ఏమీ లేదు. నీ బిల్లు చెల్లాలంటే వాళ్ల దగ్గర ఎవరి పేరు మీదా రాసిపెట్టని నగదు ఉండాలి. అందుకే నువ్వు చూడాల్సింది నగదు నిష్పత్తి.

లెక్క చిన్నదే. చేతిలోని నగదు, బ్యాంకు నిల్వ, వెంటనే డబ్బు చేసుకోగల పెట్టుబడులు కలిపి, ఏడాదిలోపు కట్టాల్సిన బాకీలతో భాగించాలి. సరుకు నిల్వనూ రావలసిన బాకీలనూ లెక్కలోకి తీసుకోకూడదు. వీళ్లకు పైన 10 కోట్లు, కింద 40 కోట్లు. అంటే 0.25. కట్టాల్సిన రూపాయికి చేతిలో పావలా ఉందన్నమాట. కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ప్రకారం 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు 11 నిష్పత్తులను, బ్యాలెన్స్ షీట్ వెనక ఉండే వివరణలైన నోట్స్‌లో తప్పనిసరిగా చూపాలి. కరెంట్ రేషియో వాటిలో ఉంది, నగదు నిష్పత్తి లేదు. దాన్ని నువ్వే కట్టుకోవాలి.

అయితే ఆ పావలా కూడా పూర్తిగా వాళ్లది కాదు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. బ్యాలెన్స్ షీట్‌లో నగదు ఒక వరుసలో, ఇతర బ్యాంకు నిల్వలు వేరే వరుసలో ఉంటాయి. మొదటి దాంట్లోకి మూడు నెలలలోపు గడువున్న డిపాజిట్లే వస్తాయి. వీళ్లకు అది 3 కోట్లు. రెండో వరుస 5 కోట్లు. దాని పక్కనున్న నోటు నంబరు పట్టుకుని వెనక్కి వెళ్లి చూశావా? అందులో 4 కోట్లు బ్యాంకు గ్యారంటీలకు మార్జిన్‌గా పెట్టిన డిపాజిట్లు. ఆ గ్యారంటీలు తీరేదాకా యజమాని కూడా వాటిని ముట్టుకోలేడు. మిగిలిన కోటి, లిక్విడ్ ఫండ్లలో ఉన్న 2 కోట్లు, మొదటి 3 కోట్లు కలిపితే 6 కోట్లు. నిష్పత్తి 0.15కి దిగింది. పావలా కాస్తా పదిహేను పైసలైంది.

కింది అంకెనూ ఇలాగే విప్పి చూడాలి. ఆ 40 కోట్లలో 8 కోట్లు ఖరీఫ్ కోసం డీలర్లు ముందుగా కట్టిన అడ్వాన్సులు. వాటిని విత్తనంతో తీరుస్తారు కాబట్టి తీసేయవచ్చని కొందరు అంటారు. తీసేస్తే నిష్పత్తి 0.19 దాకా వస్తుంది. విత్తనాల వ్యాపారంలో నేను అంత తేలిగ్గా తీసెయ్యను. సీజను చివర అమ్ముడుపోని సంచులు వెనక్కి వస్తాయి, వాటి డబ్బు తిరిగి ఇవ్వాలి, లేదా వచ్చే ఏటికి సర్దాలి. రెండు అంకెలూ రాసుకో, తక్కువ దాన్ని నమ్ము.

ఇంకో మాట. మార్చి 31 వీళ్లకు అనుకూలమైన రోజు. డీలర్ల అడ్వాన్సులు అప్పటికి వచ్చి చేరతాయి, సరఫరాదారుల చెల్లింపులను ఏప్రిల్‌కు నెట్టవచ్చు. పైగా ఆ లెక్క ప్రభుత్వ పోర్టల్‌కు చేరేసరికి చాలావరకు అక్టోబరు అవుతుంది. నువ్వు చూస్తున్నది పాత ఫొటో. అందుకని సెప్టెంబరు 30 నాటి ప్రొవిజనల్ లెక్క, అంటే ఆడిట్ కాని తాత్కాలిక లెక్క, అడుగు. ఇవ్వడానికి తడబడితే ఆ తడబాటునూ లెక్కలో వేసుకో.

నగదు నిజంగా ఉందా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. ఏడాది పొడవునా 5 కోట్ల డిపాజిట్లు ఉంటే, 6 శాతం చొప్పున 30 లక్షల వడ్డీ రావాలి. లాభనష్టాల ఖాతాలో వడ్డీ ఆదాయం ఐదారు లక్షలే కనిపిస్తే, ఆ డబ్బు మార్చి నెలాఖరుకు వచ్చి వెళ్లిపోయిన డబ్బని అర్థం. ఈ పరీక్షకూ హద్దు ఉంది. మన హైదరాబాదులోనే, 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ గుర్తుంది కదా. 2008 సెప్టెంబరు 30 నాటి పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. రావలసిన వడ్డీ పేరుతో రాసిన 376 కోట్లు కూడా లేనివే. ఆ కాగితాల మీద నగదు నిష్పత్తి కట్టినవాళ్లకు ఎంత చక్కటి అంకె వచ్చి ఉంటుందో ఆలోచించు. ఎంత బాగా భాగించినా పైన రాసిన అంకె అబద్ధమైతే ప్రయోజనం లేదు. అందుకే వాళ్లకు ఇప్పటికే సరుకు ఇస్తున్న ఇద్దరు ముగ్గురిని కలిసి, డబ్బు ఎన్నాళ్లకు వస్తోందో అడగమంటున్నాను.

ఇదంతా విని 0.15 కదా అని భయపడి ఆర్డరు వదులుకోవద్దు. క్యాష్ క్రెడిట్ ఖాతా, అంటే ఒక పరిమితి దాకా ఎప్పుడు కావాలంటే అప్పుడు అప్పు తీసుకుని కట్టుకునే ఖాతా, ఉన్న కంపెనీ నగదు ఊరికే ఉంచుకోదు. వచ్చిన ప్రతి రూపాయినీ ఆ ఖాతాలో జమచేసి వడ్డీ తగ్గించుకుంటుంది. కాబట్టి పరిమితిలో ఎంత వాడారో చూడాలి. వీళ్లకు 20 కోట్ల పరిమితి ఉంది, 15 కోట్లు వాడారు. 5 కోట్ల వెసులుబాటు కనిపిస్తోంది. కానీ బ్యాంకు ప్రతి నెలా సరుకు, బాకీల వివరాలున్న స్టాక్ స్టేట్‌మెంట్ చూసి డ్రాయింగ్ పవర్, అంటే నిజంగా ఎంత వాడుకోవచ్చో, లెక్క కడుతుంది. డీలర్ల బాకీలు పాతబడితే వాటిని లెక్కలోంచి తీసేస్తుంది, వెసులుబాటు అంతమేరకు తగ్గిపోతుంది. కంపెనీకి అప్పు తీర్చే సత్తాను చెప్పే క్రెడిట్ రేటింగ్ ఉంటే, రేటింగ్ సంస్థ వెబ్‌సైట్‌లో లిక్విడిటీ అన్న శీర్షిక కింద గత ఏడాది పరిమితిని సగటున ఎంత శాతం వాడారో చాలాసార్లు రాస్తారు. ఉచితంగా దొరుకుతుంది, తప్పక చదువు. 95 శాతం దాటి వాడుతుంటే నాకు నిద్ర పట్టదు.

నువ్వు పంపిన వాటిలో ఒకటి సొంత బ్యాలెన్స్ షీట్, రెండోది అనుబంధ కంపెనీలన్నీ కలిపినది. నేను పైన చెప్పినవన్నీ మొదటి దానివే. రెండో దాంట్లో నగదు బాగా కనిపిస్తుంది. కానీ నీ పర్చేజ్ ఆర్డరు మీద ఏ కంపెనీ పేరుందో ఆ కంపెనీ నగదే నీకు లెక్క. అనుబంధ కంపెనీ ఖాతాలో ఉన్న డబ్బు నీ బిల్లుకు దారి వెతుక్కుంటూ రాదు.

చివరగా, అదే నోట్స్‌లో సరఫరాదారుల బాకీల వయసు పట్టిక ఉంటుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు అందులో ప్రత్యేకంగా ఒక వరుస ఉంటుంది. ఆ వరుసలో ఏడాది దాటిన బాకీ 60 లక్షలు కనిపిస్తోంది. నన్ను ఆపింది నగదు నిష్పత్తి కన్నా ఈ అంకే. నీలాంటి వాళ్లకే ఇవ్వడం లేదన్నమాట. కారణం ఏమిటో నేరుగా అడుగు. నాణ్యత మీద తగాదా అయితే వివాదంలో ఉన్న బాకీగా విడిగా చూపాలి, ఇక్కడ అలా చూపలేదు.

నా సలహా ఇది. 90 రోజులు ఒప్పుకోవద్దు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు మించకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, గడువులో చెల్లించని బిల్లును వాళ్లు నిజంగా డబ్బు కట్టిన ఏడాదిలోనే ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోగలరు. ఇది వాళ్ల అకౌంట్స్ మేనేజరుకు బాగా తెలుసు, మర్యాదగా గుర్తుచేస్తే చాలు. మొత్తం ఆర్డరు ఒకేసారి తీసుకోకుండా మూడు విడతలు చెయ్యి. మొదటి విడతకు ముద్రణ సిలిండర్ల ఖర్చు, ఫిల్ము ఖర్చు అడ్వాన్సుగా పుచ్చుకో. మొదటి బిల్లు డబ్బు ఖాతాలో పడ్డాకే మూడో విడత ముద్రణ మొదలుపెట్టు.

చిన్న సంస్థగా నమోదైనట్టు చూపే ఉద్యం నంబరు బిల్లు మీద అచ్చు వేయిస్తున్నావా? లేకపోతే ఈ వారమే మార్పించు. సెప్టెంబరు లెక్క రాగానే నాకు పంపు, మళ్లీ కడదాం.

మీ మామయ్య