చెట్ల మందుల మీద రీసెర్చ్ అంటోంది, నీట్ మళ్లీ రాయించాలా?

ప్రశ్న: మాది దేవరకొండ. అమ్మాయికి బైపీసీలో మంచి మార్కులే వచ్చాయి గానీ నీట్‌లో సీటు రాలేదు. వాళ్ల నానమ్మకు కడుపులో పుండు. అతిమధురం పొడి తాగితే మంట తగ్గుతోందట. అది చూసి, చెట్ల మందుల మీద రీసెర్చ్ చేస్తా, బీఫార్మసీలో చేర్పించమంటోంది. మేం లాంగ్‌టర్మ్‌కు పంపుదామనుకుంటున్నాం. బీఫార్మసీకి స్కోప్ ఉందా, బీఏఎంఎస్ నయమా?

జవాబు: మీరు స్కోప్ అని రాశారు గానీ, మీ భయం వేరే. "డాక్టర్ చేస్తామన్నారు కదా" అని చుట్టాలు అడిగితే ఏం చెప్పాలన్నదే మీ టెన్షన్. దాన్ని బిడ్డ నెత్తిన పెట్టి ఇంకో ఏడాది హాస్టల్‌లో కూర్చోబెట్టకండి. తనకే రాయాలని ఉంటే సరే. ఆ ముక్క మాత్రం మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఆమెది పిచ్చి ఆలోచన కాదు. అతిమధురంలోని పదార్థం నుంచే తయారైన కార్బెనాక్సొలోన్‌ను 1960లలో బ్రిటన్‌లో డాక్టర్లు పుండ్లకు రాసేవారు. పుండు మానేది. కాకపోతే కొందరికి ఒంట్లో నీరు చేరి బీపీ పెరిగేది, పొటాషియం పడిపోయేది. 1976లో యాసిడ్ తగ్గించే సిమెటిడిన్ అనే మాత్ర వచ్చాక దాని వాడకం తగ్గిపోయింది. 1982లో మార్షల్, వారెన్ కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియాను పట్టుకున్నారు. చాలా పుండ్లకు అదే కారణమని తేలి 2005లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే మాత్రలు కలిపి సుమారు రెండు వారాలు ఇస్తే చాలామందికి ఆ బ్యాక్టీరియా పోతుంది. కొత్త చెట్టు మందు ఏదైనా దీనికంటే మెరుగనిపించుకోవాలి.

అందుకే 'హెర్బల్' మోజు మీద నాకు అనుమానం. ఎంఫార్మసీ ప్రాజెక్టుల్లో తరచూ జరిగేది ఇదీ: ఎలుకకు ఏదో ఆకు సారం పట్టిస్తారు, తర్వాత ఇండోమెథాసిన్ అనే నొప్పి మందు ఇచ్చి పుండు తెప్పిస్తారు, కడుపు కోసి పుండ్లు లెక్కపెడతారు. పేపర్ అచ్చవుతుంది. ఆకులో పనిచేసింది ఏ పదార్థం, మనిషికి ఎంత మోతాదు అనే దగ్గర చాలావరకు ఆగిపోతుంది. నల్లమల పక్కనే ఉంది కాబట్టి మందు దొరికినట్టే అనేవాళ్ల మాట నమ్మకండి.

అన్నట్టు, నానమ్మ మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి గోలీలు తెచ్చుకుంటున్నారేమో చూడండి. పుండుకు అవీ పెద్ద కారణమే. బీపీ ఉంటే రోజూ అతిమధురం వద్దు. మంట తగ్గిందని ఊరుకోకుండా డాక్టర్‌కు చూపించండి. మలం నల్లగా వస్తే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇక బీఏఎంఎస్ ఆయుర్వేద వైద్యం చేయాలనుకునేవాళ్ల చదువు, దానికీ నీటే. మొక్కలో ఏముందో తేల్చాలనుకునే పిల్లకు బీఫార్మసీయే దగ్గర దారి. తర్వాత పీజీ ఫార్మసీ పరీక్ష జీప్యాట్, దాంతోపాటు నైపర్ సొంత ఎంట్రన్స్ రాస్తే బాలానగర్‌లో ఆ నైపర్ అనే కేంద్ర ఫార్మసీ విద్యాసంస్థ ఉంది. ఇలాంటి పనికి తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, బోడుప్పల్‌లో ఔషధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ కేంద్రం ఉన్నాయి. రీసెర్చ్ కుదరకపోయినా రోడ్డున పడదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ పని ఉంటుంది, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకూ ఈ డిగ్రీ చెల్లుతుంది. మొదట్లో జీతం తక్కువే, అది దాచను.

ఫీజు కట్టేముందు కాలేజీకి అమ్మాయినీ తీసుకెళ్లండి. మందులో, మొక్క సారంలో ఏ పదార్థం ఎంతుందో విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ మిషన్ ఎక్కడుందని అడగండి. పక్కనే ఉండే లాగ్‌బుక్‌లో చివరి ఎంట్రీ తేదీ చూడమని ఆమెకే చెప్పండి. గది తాళం దొరకలేదంటే ఇంకో కాలేజీ చూసుకోండి.