40 గజాల పరుగు చూసి సేఫ్టీని తేల్చేయొచ్చా?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ అయ్యాక, తమ జట్టుకొచ్చిన కొత్త సేఫ్టీ బలమేంటో, లోపమేంటో ఎలా తెలుసుకోవాలని ఒకరు అడిగారు. సేఫ్టీ అంటే డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపలా కాసేవాడు, అతను పొరబడితే వెనకాల కాచేవాళ్లు ఉండరు. అందుకే కాళ్ల వేగం కంటే ముందు బుర్ర వేగం చూడాలి, నా లెక్కలో.

2022లో నోటర్ డేమ్ యూనివర్సిటీ నుంచి వచ్చిన కైల్ హామిల్టన్‌నే తీసుకోండి. 6 అడుగుల 4 అంగుళాలు, దాదాపు 100 కిలోలు, కానీ డ్రాఫ్ట్‌కి ముందు పెట్టే పరుగు పరీక్షలో 40 గజాలకు 4.59 సెకన్లు పట్టింది. అందరూ పెదవి విరిచారు, చివరికి బాల్టిమోర్ జట్టు రేవెన్స్ 14వ పిక్‌లో (ఎంపిక వరుసలో 14వ స్థానంలో) తీసుకుంది. అదే మనిషి 2021లో కాలేజీ ఆటలో ఫ్లోరిడా స్టేట్ జట్టు మీద, మైదానం అవతలి పక్క నుంచి పరుగెత్తుకొచ్చి సైడ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గర వాళ్లు విసిరిన బంతి లాగేసుకున్నాడు! బంతి ఎటు వెళ్తుందో ముందే పసిగట్టకపోతే అంత దూరం అందుకోలేడు, ఇది స్టాప్‌వాచ్‌కి దొరకదు.

లోపం లేదని కాదు. అంత పొడుగు మనిషిని పొట్టి, చురుకైన రిసీవర్ (విసిరిన బంతి అందుకునేవాడు) ముందు ఒంటరిగా నిలబెడితే, వాడు చటుక్కున దిశ మార్చినప్పుడు నడుము తిప్పుకునేసరికి ఆలస్యమవుతుంది. రేవెన్స్ అతన్ని వెనకే కట్టేయకుండా, ఆట మొదలయ్యే లైన్ దగ్గరికీ తెచ్చి వాడింది. 2023లో కోల్ట్స్ జట్టు మీద ఒకే మ్యాచ్‌లో 3 సాక్‌లు (బంతి విసిరేవాణ్ణి విసరకముందే పడగొట్టడం) కొట్టాడు, ఆ సీజన్‌లోనే లీగ్‌లో మేటి ఆటగాళ్ల జాబితా ఆల్-ప్రో మొదటి జట్టులోకి వచ్చాడు.

కాబట్టి మీ జట్టు కొత్త సేఫ్టీ మొదటి సీజన్ చూసేటప్పుడు ఇంటర్సెప్షన్లు (ఎదుటివాళ్లు విసిరిన బంతి లాగేసుకోవడాలు) లెక్కపెట్టకండి, కోచ్ అతన్ని ఎక్కడ నిలబెడుతున్నాడో, ఖాళీ మైదానంలో టాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం) జారుతోందో లేదో చూడండి.