రెండో బస్సు లేనప్పుడు గది అద్దె దండగ కాదు

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కోసిగి. మా పాప ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఇంజనీరింగ్ సీటు కోసం రాసే ఈఏపీసెట్‌కు సెంటర్ కర్నూలులో పడింది, పొద్దున 9 గంటల సెషన్. మా ఆయన మిల్లులో పని చేస్తారు, నెలకు 16 వేలు వస్తుంది. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, ఒక్కోదానికి 120 తీసుకుంటాను. తెల్లవారుజామున 4 గంటలకు బండి మీద పాపను తీసుకుపోతానని ఆయన అంటున్నారు. కారు అడిగితే 4 వేలు చెప్పారు. కర్నూలు లాడ్జిలో ఏసీ గది 1,400, ఏసీ లేనిది 900 అన్నారు. ఒక్క పరీక్ష కోసం గది తీసుకోవడం మాలాంటి వాళ్లకు అవసరమా? కల్లూరులో మా తోటికోడలి చెల్లెలు ఉంది గానీ వాళ్లింటికి పోవాలంటే మొహమాటంగా ఉంది. గది తీసుకోవాల్సి వస్తే పొదుపు సంఘంలో లోను అడగాలా? వచ్చే ఏడాది మా బాబు కూడా ఇదే పరీక్ష రాస్తాడు.
— ఒక తల్లి, కోసిగి

జవాబు: గది తీసుకోండమ్మా. ముందురోజు సాయంత్రానికే మీరూ పాపా కర్నూలు చేరిపోండి. లోను మాత్రం వద్దు.

ఇలాంటి సందేహం ఎవరికి వచ్చినా నేను ముందుగా ఒకటే అడుగుతాను. మీరు ఎక్కాలనుకున్న బస్సు తప్పిపోయినా, దారిలో ఆగిపోయినా, దాని వెనక వచ్చే బస్సు ఎక్కి టైముకు చేరగలరా? చేరగలిగితే గది అక్కర్లేదు. ప్రొద్దుటూరు నుంచి కడపకో, కళ్యాణదుర్గం నుంచి అనంతపురానికో మధ్యాహ్నం సెషన్ రాయడానికి వెళ్లేవాళ్లు ఇంట్లో టిఫిన్ తిని పెందలాడే బయలుదేరితే చాలు. వాళ్లు గది తీసుకుంటామంటే నేనే వద్దంటాను.

మీ సంగతి వేరు. కోసిగిలో రైల్వే స్టేషన్ ఉంది గానీ ఆ లైను గుంతకల్లు, రాయచూరు మధ్యది, కర్నూలుకు అక్కరకు రాదు. రోడ్డున ఎమ్మిగనూరు మీదుగా దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. తొమ్మిదింటి పరీక్షకు ఎనిమిదికైనా గేటు దగ్గర ఉండాలి. బయోమెట్రిక్, తనిఖీ అన్నీ ఉంటాయి. నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. పైగా ఇది ఏడాదికి ఒక్కసారే జరిగే పరీక్ష. తెల్లవారుజామున ఎమ్మిగనూరు దాటాక బండి టైరు పంక్చరైతే ఆ వేళకు షాపు ఎవరు తీస్తారు?

ఇక డబ్బు లెక్క. బండి మీద పోతే పెట్రోలు ఖర్చు ఒక్కటే అని ఆయన అనుకుంటూ ఉంటారు. రానుపోను రెండొందల కిలోమీటర్లకు నాలుగు లీటర్లు పడుతుంది, అంటే 450 దాకా. కానీ ఆ రోజు ఆయన పనికి పోలేరు కదా. నెలకు 26 రోజులు పని అనుకుంటే రోజుకు 600 పైన. ఆ రోజు జీతం కోస్తారనుకుంటే బండి ఖర్చు 1,050 అవుతుంది.

గది లెక్క చూద్దాం. ఏసీ గది 1,400, తిండికి 350, ఆటోలకు 300. మీ కుట్టుపని ఆగుతుంది కాబట్టి మూడు జాకెట్ల కూలి 360 కూడా కలపాలి. ఆడవాళ్ల కష్టానికి లెక్క కట్టకుండా వదిలేయడం నాకు నచ్చదు. అన్నీ కలిపితే 2,410. బస్సు ఖర్చు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్ర ఆడవాళ్లకు టికెట్ లేదు. ఇద్దరూ ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోండి, సరిపోతుంది.

అంటే బండికీ గదికీ తేడా 1,360 రూపాయలు. పదకొండు జాకెట్ల కూలి. మీ ఇంటికి ఇది చిన్న మొత్తమని నేను అనను. మెడ తిప్పి, హుక్కులు కుట్టి, చేతి అంచులు మడిచి ఒక్కో జాకెట్టు పూర్తి చేయడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. అందుకే ఆ పదకొండు జాకెట్లకు ఏం వస్తుందో కూడా చెప్పాలి.

గది తీసుకుంటే ర్యాంకు వచ్చేస్తుందని కాదు. మూడు గంటల్లో 160 ప్రశ్నలు చేయాల్సింది పాపే. కానీ ర్యాంకు వచ్చి, కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటా సీటు దొరికితే, ఆదాయ పరిమితి లోపల ఉన్న కుటుంబాలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. కాలేజీయే నేరుగా ఇచ్చే మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే అది రాదు, ఫీజంతా మీ మీదే పడుతుంది. పరీక్షే తప్పిపోతే ఆ దారి, లేదంటే ఏడాది ఆగి మళ్లీ కోచింగు. రెండింట్లో ఏదైనా మీకు వేలతో పోదు. అంత పెద్ద నష్టాన్ని తప్పించడానికి 1,360 పెట్టడం బండికి ఇన్సూరెన్స్ కట్టడం లాంటిదే. ప్రమాదం జరగలేదని ఆ డబ్బు వృథా అయిందని ఎవరూ అనుకోరు.

ఏసీ లేని గదిలో 500 మిగులుతుందని మీకు అనిపించవచ్చు. మే నెలలో కర్నూలు పగలు నలభై డిగ్రీలు దాటుతుంది, పైఅంతస్తు గదుల గోడలు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటాయి. మీరు కొంటున్నది పాప నిద్ర. ఆ 500 దగ్గర మాత్రం వెనకాడకండి. నేనొకసారి వెనకాడాను. మా అబ్బాయి పరీక్షకు అనంతపురం వెళ్లినప్పుడు 300 తక్కువకు వస్తోందని చూడకుండా ఫోన్లోనే ఒక గది మాట్లాడుకున్నాను. కిటికీ తీస్తే వెనకే కల్యాణ మండపం. బ్యాండు ఆగేసరికి రాత్రి రెండు దాటింది. వాడు దిండు చెవులకు అదుముకుని పడుకున్నాడు. పొద్దున హాలు గేటు దగ్గర వాడి కళ్లు చూశాక ఆ 300 గురించి ఇప్పటికీ బాధపడుతున్నాను. మే అంటే పెళ్లిళ్ల కాలం కూడా కదా, అందుకే లాడ్జికి ఫోన్ చేసినప్పుడు పక్కన ఫంక్షన్ హాలు ఉందా, గది రోడ్డు వైపా వెనక వైపా, కరెంటు పోతే ఏసీకి జనరేటర్ ఉందా అని అడగండి. ఇలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకో మాట, ఇది డబ్బుతో ముడిపడినదే. ఖాళీ చేసే టైము అడగండి. కొన్ని లాడ్జిల్లో మీరు దిగిన గంట నుంచి 24 గంటలు. కొన్నింట్లో ఎప్పుడు దిగినా మర్నాడు మధ్యాహ్నం 12కే ఖాళీ చేయాలి. పాప పరీక్ష అయ్యేదే 12కు. సాయంత్రం ఐదుకు దిగి 24 గంటల గది తీసుకుంటే, ఎండలో అలిసి వచ్చిన పిల్ల స్నానం చేసి, రెండు గంటలు పడుకుని బయలుదేరవచ్చు. చెప్పిన అద్దెలో జీఎస్టీ కలిసి ఉందో లేదో అడగండి, 7,500 లోపు గదులకు అది 5 శాతం. అడ్వాన్సు అడిగితే రాకపోతే తిరిగి ఇస్తారా అని తేల్చుకున్నాకే పంపండి. గదికి ఒరిజినల్ ఆధార్ అడుగుతారు, మర్చిపోవద్దు.

లాడ్జి బస్టాండు పక్కనే ఉండాలని లేదు. సెంటర్ నంద్యాల రోడ్డు వైపు కాలేజీలో పడితే నంద్యాల చెక్‌పోస్టు దగ్గర్లో వెతకండి. దిగిన సాయంత్రమే ఆటోలో వెళ్లి గేటు కళ్లారా చూసి రండి. ఆటోకు మీరు పెట్టే 300లో సగం దీనికే పోతుంది, పోనివ్వండి. ఒకే పేరుతో రెండు చోట్ల కాలేజీలు ఉంటాయి, హాల్‌టికెట్ మీద ఉన్న అడ్రసును బోర్డుతో సరిచూసుకోండి. రాత్రికి ఇంటి నుంచే సద్ది కట్టుకుపోండి. పొద్దున ఉగ్గాని బజ్జీ మీద మనసు పోతుంది గానీ ఆ పూట ఇడ్లీ చాలు, ఉగ్గాని పరీక్ష అయ్యాక తినండి. ఇంట్లో పెళ్లేదైనా ఉంటే పాపను గోరింటాకు పెట్టుకోవద్దని చెప్పండి, వేలిముద్ర పడక ఇబ్బంది అవుతుంది.

కల్లూరు చుట్టాల ఇల్లు? పాపకు విడిగా పడుకునే చోటు ఉండి, రాత్రి తొమ్మిదికి టీవీ ఆపే ఇల్లయితే మొహమాటం పక్కనపెట్టి వెళ్లండి, పళ్లకు 200 పెడితే చాలు. మీరు రాసిన తీరు చూస్తే అలా కుదిరేలా లేదు. కారు విషయం ఎత్తకండి. 4 వేలు పెట్టి కూడా పాప మూడింటికే లేవాలి.

లోను ఎందుకు వద్దన్నానంటే, అసలు ఖర్చు ఇంకా ముందుంది. కౌన్సెలింగ్‌కే ప్రాసెసింగ్ ఫీజు ఓసీ, బీసీలకు 1,200, ఎస్సీ, ఎస్టీలకు 600. ఆ తర్వాత హాస్టలు, పుస్తకాలు. సంఘం లోను అప్పుడు పనికొస్తుంది. రెండు వేల కోసం ఇప్పుడే వాడేస్తే, అప్పుడు అడగడానికి నోరు రాదు. జాకెట్లు కుట్టే ఏ ఇంట్లో చూసినా ‘రేపిస్తాం’ అన్న బాకీలు పది ఉంటాయి. మీ నోటుపుస్తకం తీసి చూడండి. ‘పాప పరీక్ష ఉందక్కా’ అని ఒక్కొక్కరినీ అడగండి. పెళ్లిళ్ల సీజన్లో కుట్టించుకున్నవాళ్లు ఈ వారంలో సగం మందైనా ఇస్తారు. గది డబ్బు అక్కడే వస్తుంది.

బాబు పరీక్షకు మాత్రం ఇలా వెతుక్కోవద్దు. పాప పరీక్ష అయిన నెలే బ్యాంకులో ఏడాది ఆర్డీ (నెలనెలా కొంత కట్టే డిపాజిట్) మొదలుపెట్టండి, నెలకు 200. పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది, దీనికి సరిపడదు. పన్నెండు నెలలకు 2,400, వడ్డీ కాస్త. వాడికి మధ్యాహ్నం సెషన్ పడి గది అక్కర్లేకపోతే ఆ డబ్బు కౌన్సెలింగ్‌కు వాడుకోండి.

మీ ఆయనకు ఈ లెక్క చూపించండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కూతుర్ని వంద కిలోమీటర్లు తీసుకుపోతానన్న మనిషిని కాదనడం కష్టమే. ఆయనకూ పని ఉంది. ముందురోజు మధ్యాహ్నం మిమ్మల్నిద్దర్నీ బస్సెక్కించాలి, ఆ రాత్రి బాబుకు అన్నం పెట్టాలి. మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు, పాప లోపలికి వెళ్లిందని మీ దగ్గర నుంచి ఫోన్ వచ్చాక పనికి పోవచ్చు.