షెమా ఎన్నిసార్లు చదవాలి, ఏ రాగంలో, తెలుగు నోటికి ఎక్కడ తడబాటు

అడిగిన ప్రశ్న ఇది: "షెమా యిస్రాయేల్ ప్రార్థనను రోజూ 108 సార్లు జపించవచ్చా? తెలుగు లిపిలో రాసుకుని చదివితే చాలా? ఏ రాగంలో పాడాలి?"

ముందు లెక్క సంగతి. 108 వద్దు. షెమా యూదులు హీబ్రూలో చదివే ముఖ్య ప్రార్థన, మాల తిప్పుతూ చేసే జపం కాదు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చదవడం విధి. పడుకునే ముందు మొదటి పేరా ఇంకోసారి చదువుతారు. షెమాను వెంటవెంటనే రెండుసార్లు అనేవాణ్ణి ఆపించాలని తల్ముద్‌లో, అంటే యూదు పెద్దల ధర్మచర్చల గ్రంథంలో, బెరఖోత్ భాగంలోనే ఉంది. ఇద్దరు దేవుళ్ళను పిలిచినట్టు వినబడుతుందని భయం. మనసు ఎక్కడో పెట్టుకుని మొదటి వాక్యం అనేస్తే మాత్రం మళ్ళీ అనాలి. అదైనా కాస్త ఆగి, తన చెవికి మాత్రమే వినబడేంత మెల్లగా. ఎన్నిసార్లు అంటే అంత పుణ్యమన్న లెక్క ఇక్కడ నడవదు. అన్నది ఒక్కసారే అయినా అక్షరం పొల్లుపోకూడదు, సాధనంతా అందులోనే ఉంది.

షెమా అంటే ఒక్క వాక్యం కాదు, మూడు పేరాలు: ద్వితీయోపదేశకాండం 6:4–9, 11:13–21, సంఖ్యాకాండం 15:37–41. మొదటి వాక్యం తర్వాత గుసగుసగా అనే వరసతో కలిపి మొత్తం 245 మాటలు. మనిషి శరీరంలో 248 అవయవాలన్న పాత లెక్కకు సరిపోయేలా ఇంకో మూడు మాటలు కలుపుతారు. పదిమంది ఉన్న సభలో అయితే ప్రార్థన నడిపించే హజాన్ చివరి మూడు మాటలు తిరిగి అంటాడు. ఒంటరిగా చదివే అష్కెనజీలు (మధ్య, తూర్పు ఐరోపా సంప్రదాయపు యూదులు) మొదట్లో "ఎల్ మెలెఖ్ నెఎమాన్" అంటారు. తొందర లేకుండా చదివితే అంతా కలిపి అయిదు నిమిషాల పని. ఉదయం షెమాకు గడువుంది: సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఉన్న పగటిని పన్నెండు భాగాలు చేస్తే, మూడో భాగం ముగిసేలోపు చదవాలి.

మొదటి వాక్యానికి కుడి అరచేతితో కళ్ళు మూసుకోండి. ఆరే మాటలు: షెమా యిస్రాయేల్, హషేమ్ ఎలోహేను, హషేమ్ ఎఖాద్. రెండేసి మాటలకు ఒక చిన్న విరామం ఇవ్వండి. దేవుని నామం ఉన్నచోట నేను "హషేమ్" అని రాశాను. అసలు ప్రార్థనలో అక్కడ "అదోనాయ్" అనాలి. ఇది చిన్న విషయం కాదు. నేర్చుకుంటూ ఆశీర్వచనాలను పదిసార్లు వల్లించేటప్పుడు అసలు నామం వాడితే వ్యర్థంగా ఉచ్చరించినట్టు అవుతుంది. పాట సాధనలో హషేమ్, ప్రార్థనలో అదోనాయ్ అని గట్టిగా పెట్టుకోండి. తర్వాతి వరస "బారుఖ్ షేమ్ కెవోద్ మల్ఖుతో లెఓలామ్ వాఎద్" గుసగుసగా అనాలి. ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ రోజున మాత్రం దాన్ని బిగ్గరగా అంటారు.

ఇక ఉచ్చారణ. తెలుగువాళ్ళకు అసలు ఇబ్బంది ఇక్కడే. మన నాలుకకు సంధి అలవాటు, హీబ్రూ ప్రార్థనకు అది పడదు. ఒక మాట ఏ అక్షరంతో ముగిసిందో తర్వాతి మాట అదే అక్షరంతో మొదలైతే, మధ్యలో సన్నని ఖాళీ ఉండాలి. "బెఖోల్ లెవావ్‌ఖా" అనండి, "బెఖోల్లెవావ్‌ఖా" అనకండి. "ఏసెవ్ బెసాద్‌ఖా", "వఅవద్‌తెమ్ మెహేరా", "హకానాఫ్ పెతీల్", "ఎత్‌ఖెమ్ మేఎరెత్స్" కూడా ఇదే కోవలోవి. సెవ్–బె, నాఫ్–పె దగ్గర మన చెవికి రెండు వేరు ధ్వనులే అనిపిస్తాయి గానీ హీబ్రూలో అక్షరం ఒకటే. నాలుకను ఒక్క క్షణం వెనక్కి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టండి. మంచి సిద్దూర్‌లలో, అంటే ప్రార్థన పుస్తకాల్లో, ఈ జంటల మధ్య చిన్న గీత అచ్చేస్తారు.

రెండోది, చివర ఉకారం. ఎఖాద్ (ఒక్కడు) అన్న మాటను "ఎఖాదు" అనేస్తాం. తోరా చుట్టలో, అంటే మోషే అయిదు గ్రంథాలు రాసిన చుట్టలో, ఈ మాట చివరి దాలెత్ (ద) అక్షరాన్ని పెద్దదిగా రాస్తారు. కారణం, అది రేష్ (ర) అక్షరంలా వినబడితే "ఒక్కడు" పోయి "మరొకడు" అయిపోతుంది. దాలెత్ దగ్గర కాస్త నిలవమంటారు, కానీ దానికి అచ్చు తగిలించకూడదు. ఖా మీద గొంతు నిలిపి, ద్ దగ్గర నాలుకను పళ్ళకు ఆనించి అలాగే ఆపేయండి. ఇక్కడ తెలుగువాళ్ళకు ఒక అనుకూలత ఉంది: మన "దయ"లోని దకారమే సరైనది, ఇంగ్లీషు "డే"లోని డకారం కాదు.

ఖ అని నేను రాసినది "ఖడ్గం"లోని ఖ కాదు. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవాళ్ళు "ఖబర్", "ఖుదా" అనేటప్పుడు గొంతులో ఒరుసుకుంటూ వచ్చే ధ్వని. జ కూడా అంతే, "జమానా" అని ఉర్దూలో అన్నట్టు. మూడో పేరాలో "తిజ్‌కెరూ" దగ్గర ఇది పట్టుగా రావాలి. అది "తిస్‌కెరూ" అయితే "గుర్తుంచుకునేలా" బదులు "కూలి పుచ్చుకునేలా" అని వినబడుతుందని పెద్దలు ప్రత్యేకంగా హెచ్చరించారు. ఊనిక విషయంలో కూడా జాగ్రత్త: "వెఆహవ్‌తా" చివరి తా మీద బలం పడాలి. మధ్యలో హవ్ మీద పడితే "ప్రేమించు" అన్న ఆజ్ఞ "ప్రేమించావు" అన్న గతకాలంలోకి జారుతుంది.

అందుకే తెలుగు లిపి కాగితాన్ని నెల, రెండు నెలలు ఊతకర్రగా వాడుకోండి, అంతకు మించి వద్దు. ఈ ధ్వనుల్లో సగం మన లిపిలో పట్టవు. హీబ్రూకు 22 అక్షరాలు, అయిదింటికి మాట చివర వేరే రూపం, కింద అచ్చుల చుక్కలు. ఒత్తులు, గుణింతాలు నేర్చినవాళ్ళకు ఇది భారం కాదు. సెఫారియా సైటులో చుక్కలతో కూడిన పాఠం ఉచితంగా దొరుకుతుంది.

రాగం దగ్గరికి వద్దాం. షెమాకు ఒకే రాగం అంటూ లేదు. ఒంటరిగా చదివేవాళ్ళు చాలామంది తోరా పఠన స్వరాలతోనే చదువుతారు. వాటి గుర్తులను తెఆమీమ్ అంటారు, ఎక్కడ ఆగాలో, ఏ మాటలు కలిసి నడవాలో అవే చెబుతాయి. మిగతా ప్రార్థనలకు అష్కెనజీలలో నుసాఖ్ అనే పద్ధతులున్నాయి. కర్ణాటక సంగీతం వచ్చినవాళ్ళకు ఇవి త్వరగా పట్టుబడతాయి: వాటిలో అహావా రబ్బా అనే పద్ధతి స్వరస్థానాలు దాదాపు వకుళాభరణం, మాగేన్ అవోత్ నఠభైరవికి దగ్గర, అదోనాయ్ మలఖ్ హరికాంభోజికి దగ్గర. స్థానాలు కలిశాయని గమకాలు వేయకండి. రిషభం ఊపితే అది వెంటనే మన కచేరీ అయిపోతుంది, మాట వెనక్కి పోతుంది. హలబ్ (అలెప్పో) నుంచి వచ్చిన సిరియా యూదులైతే మకామ్ అనే అరబ్బు రాగాల పద్ధతిలో, ఆ వారం చదివే తోరా భాగాన్ని బట్టి మకామ్ మారుస్తారు. శృతిపెట్టె ఇతర రోజుల్లో సాధనకు వాడుకోవచ్చు. సంప్రదాయం పాటించేచోట వారపు విశ్రాంతి దినమైన షబ్బాత్ నాడు వాద్యాలు, కరెంటు పరికరాలు ముట్టరు.

అమీదాను, అంటే నిలబడి చేసే ప్రధాన ప్రార్థనను, ఒంటరిగా చదివేటప్పుడు పాడరు. కాళ్ళు దగ్గరగా పెట్టి, యెరూషలేము వైపు (మనకు పడమర, కాస్త వాయవ్యం) తిరిగి, పెదవులు కదిలేలా, పక్కవాడికి వినబడకుండా చదవాలి. పిల్లల కోసం మొరపెట్టుకున్న హన్నా దీనికి ఆదర్శం. పదిమంది లేనప్పుడు కద్దీష్, కెదుషా, బరెఖూ అనే భాగాలు వదిలేయాలి. ఒంటరిగా చదివేవాళ్ళు తెలియక వీటిని కూడా చదివేస్తుంటారు.

మళ్ళీ మళ్ళీ అనడంలోనే మీ మనసు నిలుస్తుందంటే దానికీ చోటుంది, షెమాలో కాదు. హసీదులనే భక్తి ఉద్యమ యూదుల పాట నిగ్గూన్‌లో తరచు మాటలే ఉండవు, రాగాన్ని ఎన్నిసార్లయినా తిప్పవచ్చు. బ్రెస్లోవ్ రబ్బీ నహ్మాన్ (1772–1810) ఏకాంతంలో దేవునితో మాట్లాడమన్నాడు. మాటలు రాకపోతే "రిబోనో షెల్ ఓలామ్", అంటే లోకాలకు ప్రభువా, అన్న పిలుపు ఒక్కటే పదేపదే అనమన్నాడు. ఈ కాలంలో రబ్బీ షెఫా గోల్డ్ లాంటివాళ్ళు కీర్తనల్లోని ఒక్క చరణాన్ని చాలాసేపు పాడించి, తర్వాత మౌనంగా కూర్చోబెట్టే పద్ధతి నేర్పుతున్నారు. మీరు అడిగినదానికి నిజంగా దగ్గరగా ఉన్నది ఇదే.

మీరు యూదులు కాకపోతే "మాకు ఆజ్ఞాపించినవాడా" అని వచ్చే ఆశీర్వచనాలు వదిలేయండి, అవి ఆ ఆజ్ఞలకు కట్టుబడ్డవాళ్ళవి. కీర్తనలు ఎవరైనా చదవవచ్చు. 117వ కీర్తన రెండే వచనాలు, పైగా సమస్త జనములారా అని అందరినీ పిలుస్తుంది. మొదలుపెట్టడానికి అంతకన్నా మంచిది నాకు కనబడదు. చెవితో వినాలంటే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదు కుటుంబాల సినగాగ్ (ప్రార్థనాలయం) ఉంది. ముంబైలో 1884 నాటి కెనెసెత్ ఎలియాహూ సినగాగ్ ఉంది. రెండుచోట్లకూ ముందుగా అడిగి అనుమతితోనే వెళ్ళాలి.

హీబ్రూలో దేవుని నామం ఉన్న పేజీ ప్రింటు తీసుకుంటే దాన్ని చెత్తబుట్టలో వేయకండి, బాత్‌రూములోకి తీసుకెళ్ళకండి. పాతబడ్డ కాగితాలను సినగాగుల్లో గెనీజా అనే చోట దాచి, తర్వాత భూమిలో పాతిపెడతారు. ఫోను తెరకు ఈ పట్టింపు లేదు, పేజీ మూసేస్తే చాలు.