‘అతనికి వ్యక్తిత్వం లేదు’ అనవచ్చా?

సందేహం: సైకాలజీ పాఠ్యపుస్తకాల్లో ‘మూర్తిమత్వం’ అని ఉంటుంది. పత్రికల్లో ‘వ్యక్తిత్వం’ అని రాస్తారు. రెండూ ఒకటేనా? ‘అతనికి వ్యక్తిత్వం లేదు’ అని జవాబులో రాస్తే మా మేడం కొట్టేశారు. ‘వ్యక్తిత్వ పరీక్షలో ఫెయిలయ్యాడు’ అన్నదీ తప్పేనన్నారు. ఇందులో తప్పేముంది? (ఒక విద్యార్థిని)

సమాధానం: రాసింది సైకాలజీ జవాబు కాబట్టి మేడం కొట్టేయడం సబబే. అదే వాక్యం మీరు కథలో రాసి ఉంటే నేను ముట్టుకునేవాణ్ణి కాదు. మామూలు మాటల్లో ‘వ్యక్తిత్వం’ ఒక మెచ్చుకోలు. ఆత్మాభిమానం ఉండి, తన మాట మీద నిలబడే మనిషిని ‘వ్యక్తిత్వం ఉన్న మనిషి’ అంటాం. ఎటు గాలి వీస్తే అటు ఊగేవాణ్ణి వ్యక్తిత్వం లేనివాడంటాం. శాస్త్రంలో ఆ మాట మెచ్చుకోలూ కాదు, తిట్టూ కాదు. ఒక మనిషి ఆలోచించే తీరు, స్పందించే తీరు, నలుగురితో మెలిగే తీరు కొంత నిలకడగా ఉండి, అతణ్ణి పక్కవాడి నుంచి వేరుగా చూపిస్తే దానికి ఆ పేరు. అలా చూస్తే గాలివాటు మనిషిదీ ఒక వ్యక్తిత్వమే. ఎలాంటిదని అడగవచ్చు గాని, ఉందా లేదా అని అడగడానికి వీల్లేదు.

మూర్తిమత్వం సంగతి. మూర్తి అంటే ఆకారం. మూర్తి కలది మూర్తిమత్. దానికి ‘త్వ’ చేరితే రెండు తకారాలతో ‘మూర్తిమత్త్వం’ కావాలి, తత్త్వం, మహత్త్వం లాగా. తత్వం అని రాసేస్తున్నట్టే దీన్నీ ఒక్క తకారంతో రాసేస్తున్నాం. ఇప్పుడు దానికోసం తగాదా అక్కర్లేదు. వ్యక్తి అన్న మాట ‘వి’ అనే ఉపసర్గ, ‘అంజ్’ అనే ధాతువు కలిసి పుట్టింది. బయటపడేలా చేయడం దాని అర్థం. వ్యక్తం, అభివ్యక్తి, వ్యంజనం ఆ కుదురువే. తమాషా ఏమిటంటే పర్సనాలిటీకి మూలమైన లాటిన్ మాట ‘పెర్సోనా’కు నాటకంలో వేసుకునే ముఖం తొడుగు అని అర్థం. వాళ్ల మాట కప్పేదాని నుంచి వచ్చింది, మన మాట బయటపెట్టేదాని నుంచి వచ్చింది. ఇక ‘మనిషి మంచి పర్సనాలిటీ’ అని మనం అన్నామంటే ఆరడుగుల ఎత్తూ, వెడల్పాటి భుజాలూ గుర్తొస్తాయి తప్ప గుణం గుర్తురాదు.

రెండూ ఒకటేనా అంటే, శాస్త్రంలో ఒకటే. పరీక్షలో మూర్తిమత్వం అనే రాయండి, మార్కులు దానికే. బయట రాసేటప్పుడు నా ఓటు వ్యక్తిత్వానికి.

మీ మొదటి వాక్యం దగ్గరికే మళ్లీ వస్తాను. ఈ చిక్కు తెలుగుకొక్కదానికే వచ్చింది కాదు. అమెరికా సైకాలజిస్టు గోర్డన్ ఆల్‌పోర్ట్ 1937లో తెచ్చిన పుస్తకంలో దీన్ని బాగా విడదీశాడు. మనిషి తీరుకు మంచిచెడుల తూకం కలిపితే శీలం, ఆ తూకం తీసేస్తే వ్యక్తిత్వం అని ఆయన మాటల సారాంశం. మన ‘వ్యక్తిత్వ హననం’లో చంపేది నిజానికి శీలాన్నే. కానీ శీలం అన్న మాట అర్థం మనకు బాగా ఇరుకైపోయింది కాబట్టి ఆ బరువు కూడా వ్యక్తిత్వం మీదే పడింది.

అంతకు ఏడాది ముందు, 1936లో, ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ కలిసి ఒక భాషాపండితుడు చేయవలసిన పని చేశారు. వెబ్‌స్టర్ నిఘంటువు ముందేసుకుని, మనుషుల్ని వర్ణించే మాటలన్నీ ఏరారు. 17,953 వచ్చాయి. వాటిలో నిలకడైన గుణాల్ని చెప్పేవి సుమారు 4,500. మెచ్చుకోవడానికో తిట్టడానికో మాత్రమే పనికొచ్చే మాటల్ని విడిగా ఒక వరుసలో పెట్టేశారు. మనుషులకు ముఖ్యమనిపించిన తేడా ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు భాషలో మాటగా స్థిరపడుతుందన్నది ఈ పని వెనక ఉన్న నమ్మకం. ఆ గుణవాచకాల్నే ఇంకా కుదించి రేమండ్ కాటెల్ అనే సైకాలజిస్టు 16 మూలకారకాలన్నాడు, అంటే మిగతా గుణాలకు అడుగున ఉండే పెద్ద గుణాలు. 1961లో అమెరికా వైమానిక దళం కోసం పనిచేసిన ట్యూప్స్, క్రిస్టల్‌లకు అయిదే తేలాయి. ఇప్పుడు ఎక్కువమంది వాడే అయిదు కారకాల నమూనాకు అది ఒక తొలిమెట్టు.

ఆ ఏరివేత తెలుగులో చేస్తే ఎలా ఉంటుందని నేనప్పుడప్పుడూ సరదాగా కాగితం తీసుకుంటాను. సిగ్గరి, గడుసరి, తుంటరి, కోపిష్టి, మాటకారి, వదరుబోతు, తిండిపోతు, పిసినిగొట్టు, బోళా, ముభావి, కలుపుగోలు, నిక్కచ్చి. పది నిమిషాల్లో కాగితం నిండుతుంది. అందులో కనిపించేది ఇది: ‘పోతు’, ‘బోతు’ చేరిన మాటల్లో మంచిది దొరకడం కష్టం. మాటకారి, వదరుబోతు, ఇద్దరూ ఎక్కువ మాట్లాడేవాళ్లే. శాస్త్రం ఇద్దరినీ బహిర్ముఖుల కిందే, అంటే నలుగురిలో చొరవగా కలిసేవాళ్ల కిందే రాసుకుంటుంది. తేడా వాళ్లలో ఉన్నంత, వాళ్ల గురించి చెబుతున్న మన నోట్లోనూ ఉంది. పొదుపరి, పిసినారి కూడా అంతే. అయిదు కారకాల పట్టికలో నేను ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేకపోయిన మాట ‘మొహమాటం’. అది బిడియమా, ఎదుటివాడు నొచ్చుకుంటాడన్న మెత్తదనమా, కాదంటే ఏమనుకుంటారోనన్న టెన్షనా? మూడూ ఉన్నాయి. మూడూ వేర్వేరు కారకాల కిందికి పోతాయి.

తీర్పు కలిసిపోయి గందరగోళం చేసిన ఇంకో మాట ‘అహం’. ఫ్రాయిడ్ 1923లో మనసును మూడు భాగాలుగా చెప్పినప్పుడు వాడినవి ఇంటి జర్మన్ మాటలే: అది, నేను, పై-నేను. ఇంగ్లీషు అనువాదకులు వాటిని లాటిన్‌లోకి ఎత్తి ఇడ్, ఈగో, సూపర్ ఈగో అన్నారు. మన పుస్తకాలు సంస్కృతంలోకి ఎత్తి అచిత్తు, అహం, అధ్యహం అన్నాయి. ‘వాడికి ఈగో ఎక్కువ’ అంటే మనకు గర్వం. ఫ్రాయిడ్ అహం పాపం మధ్యవర్తి. అచిత్తులోని కోరిక ఒకవైపు లాగుతుంది, తప్పొప్పులు చూసే అధ్యహం ఇంకోవైపు కళ్లెర్రజేస్తుంది, బయటి ప్రపంచం దాని పద్ధతిలో అది నడుస్తుంది. ముగ్గురికీ సర్దిచెప్పడం దాని పని. అందుకని ‘అహం బలంగా ఉన్నవాడు’ అని ఆయన లెక్కలో అంటే ఒత్తిడిని తట్టుకోగలవాడని. జవాబుపత్రంలో దాన్ని ‘అహంకారి’ చేయకండి. ఇంకో సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ చెప్పే ఆత్మభావనకు ఇంత తిప్పలు లేదు, తన గురించి తనకున్న రూపమని మాట వినగానే తెలుస్తుంది.

గుణం నిలకడ గురించి మన సామెతలే రెండు పక్షాలుగా ఉన్నాయి. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అన్నది లక్షణాంశ సిద్ధాంతం వైపు, అంటే మనిషిలో నిలకడైన గుణాలుంటాయనే వాదం వైపు. ‘ఇంట్లో పులి, వీధిలో పిల్లి’ అన్నది సైకాలజిస్టు వాల్టర్ మిషెల్ వైపు. మనిషి ప్రవర్తన సందర్భాన్ని బట్టి చాలా మారుతుందనీ, గుణం పేరు చెప్పి ఫలానా చోట ఎలా ఉంటాడో ఊహించడం కష్టమనీ ఆయన 1968లో వాదించాడు. ఆ వాదం చాలాకాలం నడిచింది. ఇప్పుడు ఎక్కువమంది రెండిటికీ చోటిస్తున్నారు. గుణాలు నిలకడగానే ఉంటాయి, వయసుతో కొంత మారతాయి, సందర్భం వాటిని హెచ్చుతగ్గులు చేస్తుంది.

ఇక ‘ఫెయిలయ్యాడు’. సరైన జవాబు ఉన్నప్పుడు కదా ఫెయిల్ కావడం! 1921లో రోషాక్ ప్రచురించిన సిరా మరకల పరీక్షలో 10 కార్డులుంటాయి. ఒకరికి గబ్బిలం కనిపిస్తుంది, ఒకరికి ఇద్దరు మనుషులు. మార్కులు వేయడానికి అందులో ఏముంది? 1989 నాటి ఎమ్.ఎమ్.పి.ఐ.-2 అనే వ్యక్తిత్వ ప్రశ్నావళిలో 567 వాక్యాలకు నిజం, అబద్ధం అని గుర్తు పెట్టాలి. నాకెప్పుడూ కోపం రాదు, నేనెన్నడూ అబద్ధమాడలేదు అన్న ధోరణిలో అన్నిటికీ మంచివాడిలా జవాబిచ్చేవాణ్ణి పట్టుకోవడానికి అందులోనే ఏర్పాటుంది. అది పట్టుకున్నా ఫెయిల్ అనరు, ఈ జవాబుల్ని నమ్మి ఏమీ చెప్పలేమంటారు. అందుకే పరీక్ష కంటే ‘మదింపు’ నాకు నచ్చుతుంది. ‘మదింపులో ఆ పనికి సరిపడే తీరు కనిపించలేదు’ అని రాయండి. ఇక్కడే రెండు పారిభాషిక పదాలు జాగ్రత్త. ‘విశ్వసనీయత’ అంటే మళ్లీ కొలిచినా దాదాపు అదే ఫలితం రావడం. ‘సప్రమాణత’ అంటే కొలవాలనుకున్నదాన్నే కొలవడం. ఎప్పుడూ రెండు కిలోలు ఎక్కువ చూపించే తూకానికి మొదటిది ఉంది, రెండోది లేదు.

అనువాదంలో ఈ సప్రమాణత ఎలా జారిపోతుందో ఒకసారి దగ్గర్నుంచి చూశాను. ఒక ప్రశ్నావళి తెలుగును సరిచూడమని నా దగ్గరికి పంపారు. బహిర్ముఖతను కొలిచే వాక్యం ఒకటి అందులో ‘నేను పార్టీకి ప్రాణం’ అని దిగింది. ఇంకోచోట ‘మీకు తొందరగా కోపం రాదా?’ అని అడిగి ‘అవును’, ‘కాదు’ ఇచ్చారు. మనలో ‘అవును’ అంటే ‘అవును, రాదు’ అనేవాళ్లూ ఉన్నారు, ‘అవును, వస్తుంది’ అనేవాళ్లూ ఉన్నారు. రెండోదాన్ని ‘నాకు తొందరగా కోపం వస్తుంది’ అని మార్చాను. మొదటిదాన్ని ‘నలుగురు చేరిన చోట నేనుంటే సందడి’ అని మార్చాను. అప్పటికే పాత కాగితాలు కొందరు నింపి ఇచ్చేశారు. వాటిలో ఒకాయన ‘కాదు’ దగ్గర టిక్కు పెట్టి, పక్కన చిన్న అక్షరాలతో రాశాడు: ‘ఏ పార్టీకీ కాదు.’