ఎండిన వాగులో వరదను కొలిచేదెలా?

ప్రశ్న: మా ఊరి మీదుగా గ్యాస్ పైపులైను వేస్తారని చెబుతున్నారు. మొన్న వేసవిలో సర్వే వాళ్లు వచ్చి మా చేని పక్క వాగును అడ్డంగా కొలుచుకుని వెళ్లారు. ఆ రోజు వాగులో చుక్క నీరు లేదు. అలాంటప్పుడు ప్రవాహాన్ని ఏ లెక్కన అంచనా వేస్తారు? వరద వస్తే గొట్టం పైకి తేలదా?
– ఒక రైతు, ఏర్పేడు మండలం, తిరుపతి జిల్లా

జవాబు: మీ సందేహం న్యాయమైనది. స్వర్ణముఖి, అందులో కలిసే వాగులు ఏడాదిలో చాలా నెలలు ఇసుక మేటలుగానే కనిపిస్తాయి. అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే మాత్రం ఒక్క రాత్రిలో గట్టు దాటి పారుతాయి. కనుక డిజైనుకు పెద్ద వరదనే ప్రమాణంగా తీసుకోవాలి, సాధారణంగా నూరేళ్ల వరదను. అది నూరేళ్ల దాకా రాదని దీని అర్థం కాదు. ఏ సంవత్సరమైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి; 30 ఏళ్ల కాలంలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం నూటికి 26.

చిన్న వాగులకు ప్రవాహ రికార్డులు సాధారణంగా ఉండవు కాబట్టి వానను బట్టి లెక్క కడతారు. ఉదాహరణకు, వాగులోకి నీరు దిగే నేల 10 చదరపు కిలోమీటర్లు, వాన గంటకు 60 మిల్లీమీటర్లు, అందులో సగం నేలలో ఇంకిపోకుండా పారుతుంది అనుకుంటే, సెకనుకు సుమారు 83 ఘనమీటర్లు, అంటే 2,900 క్యూసెక్కులకు పైగా వస్తుంది. ఈ అంకెను వాగు అడ్డకోత (వాగును అడ్డంగా కోసి చూస్తే కనిపించే ఆకారం), వాలు, పాత వరద గుర్తులతో సరిచూడాలి. ఇక్కడే మీ సాక్ష్యం అవసరం. 2021 నవంబరు వరదలో మీ మోటారు గది గోడ మీద మిగిలిన బురద చార, చింతకొమ్మకు చిక్కుకున్న చెత్త ఎంత ఎత్తున ఉన్నాయో సర్వే వాళ్లకు చూపించండి. ఎగువన గొలుసుకట్టు చెరువులుంటే, కట్ట తెగినప్పుడు వచ్చే నీరు వాన లెక్కకు అందదు. అదే నెలలో రాయలచెరువు కట్ట లీకై దిగువ ఊళ్లను ఖాళీ చేయించిన సంగతి మనం మరవలేం; అందుకే ఈ అంశాన్ని విడిగా పరిశీలించమని అడగాలి.

గొట్టం తేలే విషయంలో మీ భయానికి ఆధారం ఉంది. 60 సెంటీమీటర్ల వ్యాసం, 10 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు గొట్టం మీటరు పొడవుకు సుమారు 145 కిలోలు తూగితే, అది పక్కకు నెట్టే నీరు 283 కిలోలు. లోపలి గ్యాసు బరువు ఈ తేడాను పూడ్చదు. అందువల్ల వాగు దాటే చోట గొట్టానికి కాంక్రీటు తొడుగు వేయడమో, బరువులు కట్టడమో చేస్తారు.

అంతకంటే నాకు ఆందోళన కలిగించేది కోత. వరద ఉధృతంగా ఉన్నప్పుడు అడుగు ఇసుక కూడా నీటితోపాటు కదిలిపోతుంది, తగ్గుముఖం పట్టాక మళ్లీ మేట వేస్తుంది. మర్నాడు చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. వరద అడుగును ఎంత లోతు దాకా కోస్తుందో చెప్పే లేసీ సూత్రంతో కట్టే కోత లోతును వరద నీటిమట్టం నుంచి కిందికి కొలవాలి, నేడు కనిపించే ఇసుక మట్టం నుంచి కాదు. ఇసుక తవ్వకాలతో అడుగు దిగిపోయిన చోట ఆ మేర అదనంగా లోతుకు పోవాలి. గొట్టం ఆ కోత మట్టానికి దిగువన, కొంత భద్రతా అంతరంతో ఉండాలి. వాగు ఒరుసుకుంటూ పక్కకు జరిగే స్వభావం కలది కనుక ఈ లోతును గట్ల అవతల కూడా కొంత దూరం కొనసాగించాలి. మీ చేను వాగు వంపు బయటి వైపున ఉంటే, అక్కడ ఎంత దూరం కొనసాగిస్తున్నారో ప్లానులో చూపించమని అడగండి.