ఒకే మత్తు మందు, ఇంట్లో ఇద్దరికి రెండు రకాలు

ప్రశ్న: మా మామయ్యగారికి 71 ఏళ్లు. ఎండోస్కోపీకి మిడజోలం 2 మి.గ్రా. ఇస్తే సాయంత్రం దాకా మగతగానే ఉన్నారు. నెల తిరక్కుండా అదే ఆస్పత్రిలో మా మరిదికి 5 మి.గ్రా. ఇచ్చినా మత్తెక్కలేదు. కేకలు పెట్టి పైపు లాగేశాడు. అతనికి 34 ఏళ్లు, రోజూ కల్లు తాగుతాడు. ఇద్దరి బరువూ ఇంచుమించు ఒకటే. మందులోనే ఏదైనా తేడా ఉందా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్ జిల్లా

జవాబు: మందును అనుమానించక్కర్లేదు. పెద్దవాళ్లకు మిడజోలం ఇచ్చేటప్పుడు బరువు కంటే వయసునే ఎక్కువగా చూస్తారు. 60 లోపు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు 2 నుంచి 2.5 మి.గ్రా.తో మొదలుపెడతారు, మొత్తం కలిపి సాధారణంగా 5 మి.గ్రా. దాటనివ్వరు. 60 దాటితే అర నుంచి 1 మి.గ్రా.తో మొదలు, మొత్తం 3.5 మి.గ్రా. లోపే. ఆ లెక్కన మామయ్యగారికి ఇచ్చిన 2 మి.గ్రా., అదీ ఒకేసారి ఎక్కించి ఉంటే, తక్కువేమీ కాదు. వయసు మీదపడ్డాక మెదడు కొద్దిపాటి మందుకే మత్తెక్కుతుంది. పైగా లివర్ దాన్ని కరిగించడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. కుర్రవాళ్ల రక్తంలో రెండు మూడు గంటల్లో సగానికి పడిపోయే మందు, వృద్ధుల్లో అందుకు రెట్టింపు సమయం తీసుకోవచ్చు.

తొందరపాటు వల్ల కూడా డోసు ఎక్కువవుతుంది. ముసలివాళ్లలో రక్తప్రసరణ నెమ్మది కాబట్టి మందు పని మొదలవడానికి ఆలస్యమవుతుంది. కనీసం రెండు మూడు నిమిషాలు ఆగి చూడాలి. 'ఇంకా మెలకువగానే ఉన్నారు' అని నిమిషానికే రెండో డోసు వేస్తే రెండూ ఒకేసారి పనిచేసి శ్వాస మందగిస్తుంది.

ఇక మీ మరిది సంగతి. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది ఎక్కువగా అల్ప్రజోలం, డయాజిపాం అనే మత్తు మందులు. అవీ మిడజోలమూ ఒకే కుటుంబం మందులు, మెదడులో పనిచేసే చోటూ ఒకటే. మీ మరిది తాగేది అలాంటి కల్లే అయితే, రోజూ అవి పడే ఒంటికి 5 మి.గ్రా. ఆనకపోవడంలో వింతేమీ లేదు. అలాగని అతనికి ఎంతిచ్చినా ఫర్వాలేదనుకోకండి. ఆ రోజు తాగి వచ్చి ఉంటే కల్లూ ఇంజక్షనూ కలిసి ఊపిరినే అణిచేయవచ్చు.

కేకలు పెట్టడానికి మరో కారణం ఉండొచ్చు. కొద్దిమందిలో ఈ మందు మత్తుకు బదులు ఉద్రేకం తెస్తుంది. మద్యం అలవాటున్నవాళ్లలో, పిల్లల్లో, వృద్ధుల్లో ఇది కాస్త ఎక్కువ. మత్తు చాలలేదనుకుని ఇంకా ఎక్కిస్తే గొడవ ముదురుతుంది. మిడజోలానికి విరుగుడు మందు ఫ్లుమజెనిల్, 0.2 మి.గ్రా. చొప్పున ఇస్తారు. కానీ అల్ప్రజోలానికి అలవాటుపడ్డ మనిషికి అదే ఫ్లుమజెనిల్ ఫిట్స్ తెప్పించగలదు. ఇందుకే కల్లు సంగతి డాక్టర్‌కు ముందే తెలియాలి. నలుగురిలో చెప్పడానికి మొహమాటమైతే ఎనస్థీషియా డాక్టర్‌ను పక్కకు పిలిచి, రోజుకు ఎన్ని సీసాలో, ఆఖరుసారి ఎప్పుడు తాగాడో చెప్పండి. పరీక్ష ఉందని ఇంట్లోనే ఉన్నపళంగా మాన్పించవద్దు. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, పిచ్చిచూపులు, ఫిట్స్ రావచ్చు.

వాడుతున్న మాత్రల చీటీ కూడా తీసుకెళ్లండి. క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఇట్రాకొనజోల్ (ఫంగస్ మందు), డిల్టియజెమ్ (బీపీ, గుండె మందు) వాడేవాళ్లలో మిడజోలం ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ దీనికి సరిగ్గా ఎదురు. అది మందులను విరిచే లివర్ ఎంజైములను ఎంత ఉసిగొల్పుతుందంటే, నోటితో మింగిన మిడజోలం దాదాపు పనిచేయదు. టీబీ కోర్సు ముగిశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్లు ఆ మాటా చెప్పాలి. ఇంటికి వచ్చాక 24 గంటలు బండి నడపకూడదు, మామయ్యగారిని బాత్రూమ్‌కు ఒంటరిగా పంపకూడదు.

ప్రశ్న: నడుము పట్టేస్తే నాకూ అక్కకూ డయాజిపాం 5 మి.గ్రా. రాత్రిపూట వేసుకోమన్నారు. అక్క పొద్దున్నే హుషారుగా లేస్తుంది. నాకు మూడో రోజుకల్లా మధ్యాహ్నం దాకా తూలు. గ్యాస్‌కు ఒమెప్రజోల్ వాడుతున్నాను.
– గుంటూరు నుంచి ఒకరు

జవాబు: డయాజిపాం సగానికి తగ్గడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది. అది విరిగాక తయారయ్యే పదార్థానికీ మత్తు గుణం ఉంది, అది ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. నిన్నటిది పోకముందే ఇవాళ్టిది పడుతోంది కాబట్టే తూలు మూడో రోజున తేలింది. దీన్ని విరిచే ఎంజైముల్లో ఒకటైన సిప్ 2సీ19, దక్షిణ భారతీయుల్లో నూటికి పదిమందికి పైగా పుట్టుకతోనే బలహీనం. తోబుట్టువుల్లో ఒకరికి ఉండి మరొకరికి లేకపోవచ్చు. మీకు ఆ లోపం లేకున్నా, అదే ఎంజైమును ఒమెప్రజోల్ నెమ్మదింపజేస్తుంది. గ్యాస్‌కే వాడే పాంటోప్రజోల్‌తో ఈ చిక్కు దాదాపు లేదు, మార్చవచ్చేమో మీ డాక్టర్‌ను అడగండి. డయాజిపాం మొదలుపెట్టి కొద్దిరోజులే అయితే ఆపడం సులువు. వారాల తరబడి వాడి ఉంటే మాత్రం డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.